గాంధారి రెండో సగం

హాతిమ్‌పూర్,
4 నవంబర్ 1961

మా బన్నే మస్రూర్‌కి అన్న ఇఫ్తెఖార్ దీవెనలు.

నా చేతిరాత చూడగానే కవరు అటూ ఇటూ తిప్పి చూసుంటావు, చావు కబురేమోనని. ఎవరూ పోలేదు. మీ భాభీ మోకాళ్ళు ఎప్పటిలాగే నొప్పి, నోరు ఎప్పటిలాగే జోరు. సారంగి వాయించే ఛమ్మూ మియాకి ఈ ఏడు ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. ఇప్పుడు ఆయన ఎవర్ని తిట్టినా దీవించినట్టే వినపడుతోంది, ఊళ్ళో అందరికీ ఆయనంటే ఇష్టం పెరిగింది.

అయిదేళ్ళుగా మన మధ్య ఈద్ కార్డులు తప్ప వేరే రాతల్లేవు. కలకత్తా సంగతి తవ్వడానికి నేనిప్పుడు కూర్చోలేదు. పనుండి రాస్తున్నాను.

వచ్చే షాబాన్ నెల తొమ్మిదికి అబ్బా పోయి ఇరవై ఏళ్ళు, ఇరవయ్యో బర్సీ. ఆఖరి చలికాలంలో మంచం మీంచి ఆయన నేర్పిన గాంధారి రాగపు బందిష్ నువ్వు మరిచిపోయి ఉండవు. "ఇరవై ఏళ్ళు దీన్ని బయటపెట్టకండి. అప్పటికి గాని మీ గొంతులు పండవు. ఇరవయ్యో బర్సీ నాడు పొద్దున్నే నా సమాధి దగ్గర ఇద్దరూ కూర్చుని పాడండి" అన్నారు. నీకూ అదే చెప్పి ఉంటారు. మన ఇంటి గానానికి ఉన్న పేరే అది కదా: ఏ బందిష్, ఏ పాట అయినా పెద్దవాడికి అస్తాయి, చిన్నవాడికి అంతరా. మొదటి సగం ఒకడిది, రెండో సగం ఇంకొకడిది. వందసార్లు విన్నా సరే, ఒకడి సగం ఇంకొకడు నోట పలకకూడదు. తాతగారూ వాళ్ళ తమ్ముడూ అలాగే పాడారు. మనకూ అబ్బా నలభై బందిష్‌లు అలాగే పంచారు. మిగతా అంతరాలన్నీ సభల్లో నీ పక్కన కూర్చుని విన్నాను. ఈ ఒక్కటే ఇంతవరకూ నా చెవిన పడలేదు.

బర్సీకి నువ్వెలాగూ రావు. అందుకని అడుగుతున్నాను. గాంధారి అంతరా స్వరాలతో సహా రాసి పంపు. నేనొక్కణ్ణే పాడతాను. ఈ ఏడాదే పాడాలి. ఎందుకని అడగకు.

నఫీసాకి, పిల్లలకి దీవెనలు.

అన్న,
ఇఫ్తెఖార్ అలీ

*

నాగ్‌పాడా, బొంబాయి,
15 నవంబర్ 1961

భాయీజాన్‌కి సలాములు.

కవరు తిప్పి చూసిన మాట నిజమే. నఫీసా అయితే చెయ్యి తుడుచుకుని వచ్చి ఏడవడానికి సిద్ధంగా కూర్చుంది. ఏమీ లేదని తెలిశాక దానికి కాస్త కోపం కూడా వచ్చింది.

మేం బాగున్నాం. రెండు గదులు, కింద రొట్టెల బట్టీ, ఎదురుగా ట్రాము. అయిదుగురు ఆడపిల్లలు పాట నేర్చుకోవడానికి వస్తారు. వాళ్ళకి అంతరా చెప్పగానే "ఉస్తాద్‌జీ, ముందు మొదలు చెప్పరా?" అని అడుగుతారు. మొదలు నాది కాదమ్మా అంటే నవ్వుతారు. అందుకని వాళ్ళకి అందరూ పాడే బందిష్‌లే నేర్పుతున్నాను, మనవి కాదు. అదీ నా బొంబాయి వైభవం.

కలకత్తా సంగతి తవ్వనన్నారు. మీరు తవ్వకపోతే పూడిపోతుందా? ఆ రోజు సభలో నాకు ఒక్క దగ్గు వచ్చింది. ఒకే ఒక్కటి. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేలోపు నా అంతరా మీ నోట్లో ఉంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. నా పెళ్ళికి వచ్చి నా నుదుటి పూల సెహరా మీరు కట్టుకున్నట్టు ఉంది ఆ పని.

ఇప్పుడు గాంధారి. మీ దగ్గర ఉన్నదాన్నే నన్ను అడుగుతున్నారు. ఇది పరీక్షో, వేళాకోళమో నాకు తెలియడం లేదు. అబ్బా ఎవరికి ఏదిచ్చారో మీకు తెలియదా? నాకిచ్చింది నేనివ్వను. ఆయన నాకు అలా ఇచ్చింది జీవితం మొత్తంలో అదొక్కటే.

భాభీ మోకాళ్ళకి నఫీసా ఏదో నూనె పంపుతోంది. వాసన భరించాలి, అంతే.

మస్రూర్ అలీ

*

హాతిమ్‌పూర్,
24 నవంబర్ 1961

బన్నేకి,

నూనె చేరింది. ఆ వాసనకి మా మేక పెరట్లోంచి పారిపోయి రెండు వీధుల అవతల దొరికింది. మీ భాభీ మాత్రం అదే రాసుకుంటోంది, మరిది పంపాడని గొప్ప.

"మీ దగ్గర ఉన్నదాన్నే" అంటే ఏమిటి నీ ఉద్దేశం? ఇల్లు నా దగ్గరుంది, సమాధి నా దగ్గరుంది, అబ్బా తంబురా నా దగ్గరుంది, కాబట్టి విద్య మొత్తం నేనే మూట కట్టుకున్నాననా? చిన్నప్పుడు కూడా అంతే నువ్వు. నీ కంచంలో కబాబు ఉండగానే నా కంచంలోకి తొంగి చూసేవాడివి.

మరిచిపోయావా? మరిచిపోతే మరిచిపోయానని చెప్పు, నేను తిట్టను. అబ్బా మంచం పక్కన నువ్వు రోజూ మధ్యాహ్నం నమాజు తర్వాత గంటసేపు కూర్చునేవాడివి, నేను పొద్దున కూర్చునేవాణ్ణి. నేర్చుకోలేదంటే నేను నమ్మను. లేక అక్కడ సినిమావాళ్ళకి ఇచ్చేశావా? ఛమ్మూ మియా ఏదో అన్నాడు, పళ్ళు లేక సగమే అర్థమైంది. ఆ సగానికే నాకు మూడు రోజులు అన్నం సహించలేదు.

కలకత్తాలో నేను దొంగతనం చెయ్యలేదు. నువ్వు ఆగావు. తబలా తాళం తిరిగి మొదటికి వచ్చేస్తోంది. ఖాళీ వదిలేస్తే అబ్బా పేరుకి ఎంత తలవంపు? ఆదుకున్నాను. దానికి నువ్వు ఇల్లు విడిచి పోయావు.

చలి మొదలైంది. జవాబు తొందరగా రాయి. నా దగ్గర ఎక్కువ టైము లేదు.

ఇఫ్తెఖార్

*

బొంబాయి,
5 డిసెంబర్ 1961

భాయీజాన్‌కి,

టైము లేదన్నారు, ఎందుకో నాకు తెలిసిపోయింది. నిన్న ఢిల్లీ నుంచి ఒక తబలాయన వచ్చి మా ఇంట్లో టీ తాగాడు. ఈసారి బర్సీకి రేడియోవాళ్ళు రికార్డు చేసే యంత్రం తీసుకుని హాతిమ్‌పూర్ వెళుతున్నారట కదా, ఉస్తాద్ ఇఫ్తెఖార్ అలీ ఇరవై ఏళ్ళుగా దాచిన బందిష్ మొదటిసారి వినిపిస్తారట కదా, అని నన్నే అడిగాడు. సాసరు కింద పెట్టి, అవును నిజమే అన్నాను. ఏమనాలి మరి?

అంటే కలకత్తాలో ఒక్కసారి తీసుకున్నది చాల్లేదు. ఇప్పుడు యంత్రంలోకి ఎక్కించి, దేశమంతా విన్నాక, రెండు సగాలూ ఇఫ్తెఖార్ అలీవే అనిపించుకోవాలి. బన్నే అనేవాడు ఒకడుండేవాడని కూడా ఎవరికీ గుర్తుండదు.

నేను సినిమావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. వాళ్ళు ఒకసారి పిలిచారు, వెళ్ళాను, గుంపులో ఆఖరి వరసలో నిలబెట్టి "ఆ" అనమన్నారు. "ఆ" అని వచ్చేశాను. మీ ఛమ్మూ మియాకి చెప్పండి.

అయిదేళ్ళలో మీరు ఒక్కసారి "తప్పయింది" అనలేదు. ఆదుకున్నానంటున్నారు. ఇక ఈ గాంధారి గురించి నాకు రాయకండి. భాభీ మోకాళ్ళ గురించి రాయండి, జవాబిస్తాను.

మస్రూర్

*

హాతిమ్‌పూర్,
16 డిసెంబర్ 1961

బన్నేకి,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. ఇది పంపుతాను.

రంజాన్ తర్వాతి నుంచే నా గొంతు బాగాలేదు. ముందు చలి అనుకున్నాను, తర్వాత జర్దా అనుకుని మానేశాను. అలీగఢ్‌లో డాక్టరు నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి, లోపల కాయ ఉందన్నాడు. కోసి తియ్యాలి, లేకపోతే మనిషే మిగలడన్నాడు. తీశాక గుసగుసగా మాట రావచ్చు. పాట రాదు. "ఉస్తాద్‌జీ, మీరేం చేస్తారని అడగను, నాకు తెలుసు" అన్నాడు. మంచివాడు, కుర్రవాడే. బర్సీ వెళ్ళేదాకా ఆగమని అడిగితే తిట్టి ఒప్పుకున్నాడు.

అందుకే ఈ ఏడాదే పాడాలన్నాను. నీకు చెప్పకపోవడం దేనికంటే, జాలిపడి ఇస్తావేమోనని. అన్నకిచ్చినట్టు ఇవ్వాలని నా ఆశ.

రేడియోవాళ్ళు వస్తామన్న మాట నిజం. నీ ఉత్తరం చదివి రావద్దని కబురు పెట్టాను.

ఇక కలకత్తా. తప్పయింది. ఆదుకోవడం కాదు. నేనెప్పుడూ మొదలుపెట్టేవాణ్ణే. నేను చాప పరిస్తే నువ్వొచ్చి కూర్చునేవాడివి. నేను కింద స్వరాల్లో అరగంట కష్టపడితే జనం దగ్గుతూ, పాన్ డబ్బా తెరుస్తూ వినేవాళ్ళు. నువ్వు అంతరా ఎత్తుకుని పై షడ్జం తాకగానే "వాహ్! వాహ్!" అని లేచేవాళ్ళు. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని అది విన్నాను. ఆ రోజు నువ్వు దగ్గగానే నాకు సంతోషమేసింది. అది నిజం. చప్పట్లు ఎలా ఉంటాయో ఒక్కసారి తెలుసుకోవాలనిపించింది. బాగానే ఉన్నాయి. తర్వాత నీ మొహం చూశాను.

అంతరా పంపు, బన్నే. సగం పాట పాడి ఆపరేషన్ బల్ల ఎక్కాలని లేదు.

నీ అన్న

*

బొంబాయి,
23 డిసెంబర్ 1961

భాయీజాన్,

మీ ఉత్తరం సగం నేను చదివాను, మిగతా సగం నఫీసా చదివి వినిపించింది. అది కూడా మధ్యలో రెండుసార్లు ఆగి కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చింది.

తబలాయన మాట పట్టుకుని అవన్నీ రాసినందుకు నన్ను చెప్పుతో కొట్టండి. నేను వచ్చి వంగుతాను.

ఇదిగో, రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. నా దగ్గర ఉన్న గాంధారి మొత్తం వెనక కాయితం మీద స్వరాలతో రాశాను. కానీ భాయీజాన్, ఇది అంతరా కాదు. అస్తాయి.

ఆ చలికాలం అబ్బా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నావవాడా, నన్నొక్కణ్ణే ఎక్కించుకోకు, అవతలి ఒడ్డున నన్నెరిగినవాళ్ళు లేరు" అని మొదలుపెట్టారు. నేను ఇది అస్తాయి కదా అబ్బా అన్నాను. "అవును. ఈ ఒక్కదానికి నువ్వే మొదలుపెట్టాలి. అంతరా మీ అన్న దగ్గర ఉంది. అడగకు, రోజు వచ్చినప్పుడు వాడే అందుకుంటాడు" అన్నారు.

ఇరవై ఏళ్ళు దాన్ని నా ప్రాణంలా దాచుకున్నాను. మొదలుపెట్టేవాడంటే ఇంటికి పెద్ద. రాగాన్ని నిలబెట్టేవాడు. నేనెప్పుడూ మీరు కట్టిన ఇంటి మీద జెండా పాతేవాణ్ణి, అంతే కదా. ఎవరైనా ఆ పని చేస్తారు. అబ్బా ఒక్కదాంట్లోనైనా నన్ను పెద్దవాణ్ణి చేశారని లోపల ఎంత గర్వమో మీకు చెప్పలేను. మీరు అంతరా అడిగితే, ఆ ఒక్క అస్తాయి కూడా మీదేనని గుర్తు చేస్తున్నారనుకున్నాను.

మీ దగ్గర అంతరా ఉందా? ఉంటే నా అస్తాయి కలుపుకుని పాడేయండి. రెండూ మీవే. నాకేమీ వద్దు.

డాక్టరు తేదీ చెప్పాడా?

బన్నే

*

హాతిమ్‌పూర్,
30 డిసెంబర్ 1961

బన్నేకి,

నీ కాయితం వచ్చింది. నాకు అక్షరాలు మసకబారాయి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

నా దగ్గరున్నదీ అదే. అదే నావవాడు, అదే ఒడ్డు. మాటకి మాట, స్వరానికి స్వరం. ఒక్క చోట తేడా: "నన్నొక్కణ్ణే" దగ్గర నాకు దిగుతూ కోమల రిషభం మీద నిలపమన్నారు, నీకు ఎక్కుతూ శుద్ధ రిషభం తాకమన్నారు. రాగంలో రెండూ ఉన్నాయి, తప్పేం లేదు. నాకు ఆయన చెప్పిన మాట కూడా అదే, "అంతరా మీ తమ్ముడి దగ్గర ఉంది. అడగకు." మన ఇంట్లో ఎప్పుడూ ఉండే పంపకమే కదాని నాకు అనుమానం రాలేదు.

చెవి పట్టుకుని అంటున్నాను, ఉస్తాద్ అనే గౌరవం పక్కన పెట్టి కొడుకుగా అంటున్నాను: మన నాన్న మనల్ని మోసం చేశాడు. రెండు రోజులు సమాధి వైపు వెళ్ళలేదు. మీ భాభీకి చెబితే మోకాళ్ళు పట్టుకుని నవ్వింది. "అంతరా చెయ్యాలనుకుని ఉంటాడు, ఈలోగా జ్వరం ముదిరింది. లేదంటే మీ ఇద్దరి సంగతీ తెలిసే చేశాడు. ఏదైతేనేం, ఇప్పుడు లేపి అడుగుతారా?" అంది. అడగాలనే ఉంది.

నేనే అంతరా కట్టడానికి కూర్చున్నాను. మూడు కట్టాను. ఛమ్మూ మియాని పిలిచి వినిపించాను. ఆయన సారంగి కమాను కింద పెట్టి, "బాగుంది బాబూ. కానీ ఇది ఇలాహీదాద్ ఖాన్‌ది కాదు, నీది" అన్నాడు. అబ్బా పేరు చెప్పేటప్పుడు ఉస్తాద్ మీది మర్యాదకి ఆయన కూడా చెవి ముట్టుకున్నాడు. మూడూ పొయ్యిలో పెట్టాను.

నువ్వు కట్టు. పైకి ఎక్కడం నీకే చేతనవును. ఇంకా పదహారు రోజులున్నాయి. డాక్టరు ఇరవై రెండో తారీఖు అన్నాడు.

అన్న

*

బొంబాయి,
6 జనవరి 1962

భాయీజాన్,

కట్టలేదు. ఒక పూట కూర్చున్నాను. ఏది కట్టినా ఎదురుగా అబ్బా మంచం మీద పడుకుని, నాకు నచ్చలేదన్నట్టు అటు తిరిగి పడుకున్నట్టే ఉంది.

నేను వస్తున్నాను. పధ్నాలుగో తేదీ మధ్యాహ్నం దిగుతాను. మీ దగ్గర ఒక అస్తాయి ఉంది, నా దగ్గర ఒక అస్తాయి ఉంది. ఇద్దరం అదే పాడదాం. ఒకరి తర్వాత ఒకరం కాదు, ఒకేసారి. ఆ రిషభం దగ్గర మీరు దిగండి, నేను ఎక్కుతాను, మళ్ళీ పక్కనే కలుస్తాం. అంతరా లేదని ఎవరైనా అడిగితే ఛమ్మూ మియాని జవాబు చెప్పమనండి, ఎలాగూ ఎవరికీ అర్థం కాదు.

భాభీతో చెప్పండి, బర్సీకి వండే ఖీచ్డా నాకు ఒక గిన్నె కాదు, ఒక బిందె కావాలి. అయిదేళ్ళది బాకీ.

గొంతు ఆరోజుకి దాచుకోండి. కూరలవాడితో బేరాలు భాభీ ఆడుతుంది.

బన్నే

*

హాతిమ్‌పూర్,
27 ఫిబ్రవరి 1962

బన్నేకి,

నిన్న ఇంటికి తెచ్చారు. మెడకి కట్టు, చేతిలో పలక. నేను రాస్తే మీ భాభీ చదివి, తనకి నచ్చితే జవాబిస్తుంది, నచ్చకపోతే కళ్ళజోడు లేదంటుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆఖరి మాట తనదే కావడం ఇదే మొదలని ఊరంతా చెప్పుకుంది. ఉపవాసం ఉండొద్దని డాక్టరన్నాడు, ఇఫ్తారు పకోడీలు మింగొద్దని కూడా అన్నాడు. ఇంక రంజాన్ ఎందుకు?

గుసగుస కూడా రావడం లేదు. వస్తుందంటున్నారు. పాట సంగతి నేను అడగలేదు.

నువ్వు బల్ల దగ్గరిదాకా నాతో వచ్చి, కళ్ళు తెరిచేదాకా కూర్చుని, అయిదో రోజు వెళ్ళావు. వెళ్ళేటప్పుడు నీకొకటి చెప్పాలనుకున్నాను. పలక మీద పట్టలేదు, అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

బర్సీ నాటి పొద్దున్న ఆ ఒక్క అస్తాయే గంటకి పైగా పాడాం. మంచు ఇంకా గోడల మీదే ఉంది. నీ గొంతు కింద స్వరాల్లో ఇంత బాగుంటుందని నాకెప్పుడూ తెలియదు, ఎందుకంటే నువ్వెప్పుడూ పైన మొదలయ్యేవాడివి. నేను కింద ఉండగా నా పక్కన ఇంకో గొంతు ఉండడం అదే మొదటిసారి. చివర్లో నాకు స్వరం పట్టు తప్పింది. నేను ఆగాను. నువ్వు నా వైపు చూడలేదు, పాట ఆపలేదు, గొంతు పెంచలేదు. నేనెక్కడ ఆగానో వినేవాళ్ళకి తెలియనే లేదని ఛమ్మూ మియా తర్వాత చెప్పాడు. ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. అందరూ అలాగే కూర్చుండిపోయారు. నాకు ఏడుపొచ్చింది బన్నే, మంచి ఏడుపు.

ఇక విషయం. ఆసుపత్రిలో పనేం లేదు గనక రోజుకి రెండు చొప్పున రాశాను. మన నలభై బందిష్‌ల అస్తాయిలూ స్వరాలతో, తాళంతో, మాటలతో సహా ఈ కట్టలో ఉన్నాయి. నా సగం మొత్తం. ఇవాళ్టి నుంచి ఇవి నీవి. ఇచ్చానని ఛమ్మూ మియా ముందు పలక మీద రాసి చూపించాను, ఆయన సాక్షి. నీ అయిదుగురు ఆడపిల్లలకి మొదటి నుంచి నేర్పు.

ఎవరినీ అడగక్కర్లేదు. రెండు సగాలూ పాడు.

నీ అన్న,
ఇఫ్తెఖార్

*

బొంబాయి,
12 మార్చి 1962

భాయీజాన్‌కి సలాములు.

కట్ట చేరింది. ఈద్ రోజున వచ్చింది. నఫీసా దాన్ని కొత్త రుమాలులో చుట్టి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకుండా అలమారు పైన పెట్టింది.

మూడు రోజులు ముట్టుకోలేదు. ఇవాళ పొద్దున పిల్లలు బడికి వెళ్ళాక తంబురా శ్రుతి చేసుకుని జౌన్‌పురి రాగం అస్తాయి తీశాను. వేల సార్లు మీ నోట విన్నాను కదా, కాయితం చూడక్కర్లేదు కూడా. మొదలుపెట్టాను. రెండు మాటల తర్వాత ఆగిపోయాను.

స్వరాలన్నీ తెలుసు భాయీజాన్. మీరెక్కడ ఊపిరి తీసుకుంటారో తెలియదు.

మీ పక్కన ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. మీరు పాడుతున్నంతసేపూ నా అంతరా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. మీ ఊపిరి ఒక్కసారి కూడా వినలేదు. నాలుగు చోట్ల తీసి చూశాను, నాలుగూ తప్పే. నా ఊపిరి పెడితే అది నా పాట అవుతుంది. మీరు నలభై రాశారు గానీ అది ఏ కాయితంలోనూ రాయలేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ రాయరు.

అందుకని ఈ పదహారు, శుక్రవారం బయలుదేరుతున్నాను. నఫీసా, పిల్లలు కూడా. బడి మాన్పిస్తున్నాను, భాభీ తిడితే తిట్టనీయండి. ఆ అయిదుగురు పిల్లల్లో ఇద్దరు మాతో వస్తామని తండ్రుల్ని ఒప్పించుకుంటున్నారు. పైగది ఊడ్పించి ఉంచండి.

పొద్దున్నే తంబురా పట్టుకుని మీ ఎదురుగా కూర్చుంటాను. మీరు మాట్లాడక్కర్లేదు, పలకా అక్కర్లేదు. నేను అస్తాయి పాడతాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ మీరు చెయ్యి ఎత్తండి.

మీ తమ్ముడు,
బన్నే